చివరి పేరా

పేపరాఫీసులో ఆ విలేకరిని అందరూ "చివరి పేరా" అనేవారు. పేజీలో చోటు చాలకపోతే, వార్తలు దిద్దే డెస్కువాళ్లు వార్తను కింది నుంచి కోస్తారు. అందుకే ఏ విలేకరైనా అసలు సంగతి పైన పెడతాడు. ఈయన మాత్రం పెద్దవాళ్లకు కోపం తెప్పించే ముక్కను చివర పెట్టేవాడు. పోతే డెస్కు పాపం, ఉంటే తన పుణ్యం. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం ఆ కిటుకు మీదే నడిచింది.

రంగుల ఫ్యాక్టరీ తగలబడి స్టోర్‌కీపర్ చనిపోయినప్పుడూ అంతే చేశాడు. అతను సిగరెట్ తాగడం వల్లే అంటుకుందన్న మేనేజరు మాట మొదటి పేరాలో పెట్టాడు. "మా ఆయన జన్మలో సిగరెట్ ముట్టలేదు అన్నయ్యగారూ. వెనక తలుపుకి వాళ్లే తాళం వేశారు. రాసుకోండి" అని ఏడుస్తూ అతని భార్య చెప్పిన మాట చివరి పేరాలో. మర్నాడు పేపర్లో సిగరెట్ ఉంది, తాళం లేదు. ఆవిడ ఆఫీసుకొచ్చి అడిగింది. "నేను రాశానమ్మా, డెస్కువాళ్లు కోసేశారు" అన్నాడు. అబద్ధం కాదు. సిగ్గులేనితనం, అంతే.

రిటైరయ్యాక, కోతపడ్డ పేరాలు దాచుకున్న అట్టపెట్టె అటక మీంచి దించి నవలలు మొదలుపెట్టాడు. మూడోది ఆ తాళం గురించే. బహుమతి వచ్చింది. ధైర్యమున్న రచయిత అని సభలో పొగిడారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి ధైర్యమేమిటో! అయినా మనిషి ఉబ్బిపోయి, పుస్తకం తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్లాడు.

ఆవిడ కుట్టుమిషను ఆపి పుస్తకం అందుకుంది.

"అంతా రాశానమ్మా, తాళం సంగతి కూడా. ఈసారి ఎవరూ కొయ్యలేదు."

ఆవిడ మొదటి పేజీ తిప్పి, అక్కడున్న ఒకే ఒక్క వాక్యాన్ని వేలు పెట్టి చదివింది. కేసులు పడకుండా వకీలు పెట్టమంటే రచయితే రాసిచ్చిన వాక్యం అది. ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం.

"సిగరెట్టేమో నిజమని పేపర్లో వేశారు. తాళమేమో కల్పితమా అన్నయ్యగారూ?"

ఆయన పేజీ తిప్పబోతే ఆవిడ వేలు తియ్యలేదు.

"ఫ్యాక్టరీ తగలబెట్టినవాడి కూతురని మా అమ్మాయిని ఇప్పటికీ అంటారు. పేపర్లో చదివాం అంటారు. వాళ్లకి ఇది చూపిస్తే, కథేగా అనరూ?"

పుస్తకం ఆయన చేతిలో పెట్టేసి, ఆవిడ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.