మెట్ల మేడమ్, మోగని ఫోన్

మా ఆఫీసులో ఆమెను మెట్ల మేడమ్ అంటాం. లైబ్రరీల కోసం మేం తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించుకోవాలో రాసిపెట్టడం ఆమె పని. విండోస్ కంప్యూటర్లకు ఒక పుస్తకం, మాక్ వాటికి ఒకటి, లినక్స్ వాటికి ఒకటి. ఒక్కో పనికి ఒక్కో మెట్టు. "ఇదీ ఒక ఉద్యోగమేనా?" అని నవ్వినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. సాఫ్ట్‌వేర్ రాసింది నేను కాబట్టి నా పొగరు నాకుండేది.

సోమవారం ఉదయం అరవై లైబ్రరీలు కొత్త వెర్షన్‌ను సొంతంగా ఎక్కించుకోవాలి. "సాయం కోసం ఫోన్లు పది దాటాయంటే ఈ పుస్తకాలు దండగ. వచ్చే నెల నుంచి మీ పోస్టు ఉండదు," అని మేనేజరు ఆమె ముఖం మీదే చెప్పాడు. ఆమె సరేనంది.

ఆ ముందు గురువారం మేడమ్ వాళ్ల అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ రిటైరైన నర్సు. మేడమ్ పద్ధతే అంత. కంప్యూటర్‌ను కడిగిన పలకలా ఖాళీ చేసి, సంగతి తెలియని మనిషిని ముందు కూర్చోబెట్టి, పుస్తకం చేతికిచ్చి, తను చేతులు కట్టుకుని నోరు మెదపకుండా చూస్తుంది. అత్తాకోడళ్లు గంటసేపు గొడవ లేకుండా కూర్చోవడానికి మంచి మార్గమే అనుకున్నాను.

విండోస్ నల్లేరు మీద బండిలా సాగింది. మాక్ కాస్త మొరాయించినా, అనుమతి ఎక్కడ ఇవ్వాలో ఆరో మెట్టులో ఉంది. లినక్స్‌లో తొమ్మిదో మెట్టు దగ్గర తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"మామూలేనండీ, ఇంకోసారి నొక్కండి," అన్నాను.

"ఇంకోసారి అని ఇందులో లేదు బాబూ. రాసింది చేస్తాను, రాయనిది చేయను. ముప్ఫై ఏళ్లు మందుల చీటీతో అదే చేశాను," అంది అత్తగారు.

మేడమ్ నా వైపు తిరిగింది. "మీ కంప్యూటర్‌లో ఉండి ఇందులో లేనిదేంటో చూడండి."

చూశాను. పుస్తకాల వివరాలన్నీ దాచుకునే డేటాబేస్! మిగతా రెండింటిలో అది మా సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తుంది. లినక్స్‌లో విడిగా పెట్టుకోవాలి. మూడేళ్ల కిందట నా మిషన్‌లో పెట్టుకుని ఆ సంగతే మరిచాను. అరవైలో నలభై లైబ్రరీలవి లినక్సే. నాకు సిగ్గు వేసింది. మేడమ్ వెంటనే కొత్త మెట్టు చేర్చి, కంప్యూటర్ మళ్లీ ఖాళీ చేసి, "అత్తయ్యా, మొదటి నుంచి," అంది.

సోమవారం తొమ్మిదికల్లా మేనేజరు కాగితం, పెన్నుతో ఫోన్ పక్కన కూర్చున్నాడు. పదయింది. పదకొండయింది. "లైను గానీ పోయిందా?" అని రిసీవర్ ఎత్తి చెవిలో పెట్టుకున్నాడు. లైను బాగానే ఉంది.

పన్నెండింటికి మోగింది. మేనేజరు స్పీకర్ నొక్కాడు. ఎవరో లైబ్రేరియన్, కంగారుగా ఉన్నాడు. "పద్నాలుగో మెట్టు తర్వాత ఏమీ లేదండీ. పేజీ ఏమైనా ఊడిపోయిందా?"

"తెర మీద ఏముంది?" మేడమ్ అడిగింది.

"మా పుస్తకాల జాబితా అంతా కనిపిస్తోంది."

"అయితే అయిపోయినట్టేనండీ."

"ఓస్, ఇంతేనా!"

సాయంత్రం దాకా మరో ఫోన్ రాలేదు. మేనేజరు పెన్ను జేబులో పెట్టుకుని, "మీ పోస్టు... ఉంటుందిలెండి," అని నసిగాడు. నేను లేచి చప్పట్లు కొట్టాను. ఆఫీసంతా కొట్టింది.

మేడమ్ తల ఎత్తితేగా! అప్పటికే పదిహేనో మెట్టు రాస్తోంది. "పని పూర్తయింది. ఫోన్ చేయనక్కర్లేదు."