అన్నయ్య నీళ్ళకు రంగు తెప్పించిన రోజు

నా రక్తపోటు చూసి డాక్టరుగారు చేపలు పెంచుకోమన్నారు. వాటిని చూస్తూ కూర్చుంటే మనసు కుదుటపడుతుందట. ఆయన ఉద్దేశంలో అదొక మామూలు గాజు తొట్టి, అందులో నాలుగు బంగారు చేపలు అయ్యుంటుంది. నేనేమో ఏకంగా సముద్రాన్నే ఇంట్లో పెట్టుకుందామనుకున్నాను. బుద్ధెరిగినప్పటి నుంచి నాకు ప్రతిదానికీ భయమే. అలాంటిదాన్ని, తెనాలిలో మేడ మీది వాటాలో ఉప్పునీటి తొట్టి పెట్టి, లేని భయాలు కూడా కొని తెచ్చుకున్నాను.

ఉప్పునీటి తొట్టి అంటే నీళ్ళు పోసి చేపల్ని వదిలెయ్యడం కాదు. ముందు సముద్రపు రాళ్ళు పేర్చి, నీళ్ళు తిప్పే మోటారు పెట్టి, ఖాళీ తొట్టి ముందు వారాల తరబడి కాచుకు కూర్చోవాలి. రాళ్ళలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరిగి, చేపల మురికిని విరిచేసే శక్తి నీళ్ళకు వచ్చేదాకా ఏదీ వదలకూడదు. నేను పంతులమ్మగా పనిచేసేది బాపట్లలో. సూర్యలంక సముద్రం అంత దగ్గర్లో పెట్టుకుని ఉప్పు కొనడమేమిటని, ఒక క్యాను నిండా సముద్రపు నీళ్ళు పట్టుకుని రైలెక్కాను. పక్క సీట్లో పెద్దావిడ "ఏంటమ్మా, ఏదన్నా మొక్కా?" అని అడిగింది. మాది చర్చికెళ్ళే కుటుంబమని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే క్యాను అడుగున బురద పేరుకుంది.

తొట్టి అమ్మినాయన ఫోనులో మొత్తుకున్నాడు. "ఒడ్డు నీళ్ళు వద్దండి మేడం. ఫిల్టరు నీళ్ళలో మేమిచ్చిన ఉప్పు కలుపుకోండి. నీళ్ళు అద్దంలా ఉండాలండి. కాస్త మసక కనిపించినా ప్రమాదమే."

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. రైల్లో కూర్చుంటే ఇంట్లో కరెంటు పోయిందేమోనని భయం. చర్చిలో కళ్ళు మూసుకుంటే మోటారు ఆగిపోయినట్టు అనిపించేది. నారింజ రంగు మీద తెల్లచారలున్న రెండు చేపల్నీ, చిన్న పగడపు ముక్కనీ తెచ్చిన రోజు అన్నం సయించలేదు. డాక్టరుగారు మళ్ళీ రక్తపోటు చూసి మాత్ర మార్చారు.

ఆ రోజుల్లోనే రేపల్లె నుంచి వదిన ఫోన్ చేసింది. అన్నయ్యకు అక్కడ రొయ్యల చెరువుంది. పట్టుబడికి వచ్చిన పంటకు తెల్లమచ్చ తెగులు తగిలి, చెరువు చెరువంతా చచ్చి గట్టుకు కొట్టుకొచ్చింది. ఆనాటి నుంచి అన్నయ్య మాట్లాడడమే మానేశాడు.

"కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి వదినా," అంది. "ఇక్కడుంటే ఒక్కరే చెరువు వైపు వెళ్ళిపోతున్నారు. మొన్న, నేను లేకపోతేనే మీకు నయం అన్నారండి. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ దాచేశాను. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

నాకూ ఆడలేదు. మా అన్నయ్య ప్రాణం తీసుకుంటాడేమోనన్న భయాన్ని నేను ఇంతవరకు ఎవరి దగ్గరా పైకి అనలేదు.

అన్నయ్య వచ్చేలోపు డాబా మెట్ల తలుపుకు తాళం వేసి, నా మాత్రలన్నీ బియ్యం డబ్బాలో దాచాను. మా ఆయన ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉంటారు, కాబట్టి కాపలా నేనొక్కదాన్నే. అన్నయ్య వచ్చి తొట్టి ముందు కుర్చీలో కూర్చున్నాడు. టిఫిన్ పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. తొట్టి కేసి చూస్తూ ఉండేవాడు, నేను అతని కేసి చూస్తూ ఉండేదాన్ని. బడికి నేను పెట్టిన సెలవులు అయిపోయాయి. ఇంక బాపట్ల వెళ్ళక తప్పదనగా ఒక సాయంత్రం ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"నీళ్ళు మరీ పలచగా ఉన్నాయేంటమ్మా? రంగే లేదు."

అన్నయ్య మాట్లాడాడు, నాకంతే చాలు. సంతోషంలో ఆ మాటేమిటో పట్టించుకోలేదు. రొయ్యల రైతుకు తేటనీళ్ళంటే దడ. చెరువు పచ్చగానో లేత గోధుమరంగులోనో ఉంటేనే రొయ్యకు మేతా నీడా. నీళ్ళు తేటబడితే బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టి చల్లుతారు. అప్పుడు సూక్ష్మజీవులు పెరిగి నీళ్ళకు రంగు తిరుగుతుంది. తేటగా ఉన్న నా తొట్టిని చూసి పాపం అన్నయ్య అన్ని రోజులూ దిగులు పడ్డాడన్నమాట.

మర్నాడు సాయంత్రం నేను స్టేషన్ నుంచి ఇంటికి వచ్చేసరికి అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి.

"రామ్మా, చూద్దువుగాని. బ్రహ్మాండంగా రంగు తిరిగింది. నిన్న రాత్రే బెల్లం నానేశాను. పొద్దున గ్లాసుడే పోశాను."

తొట్టి బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. వెనకున్న రాళ్ళు కనిపించడం లేదు. చెరువుకు గ్లాసుడు ఏ మూలకు? నా తొట్టికి మాత్రం అది విషం. బెల్లం తిన్న సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగిపోయి నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ అంతా పీల్చేశాయి. రెండు చేపలూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

ప్రభువా, అనుకున్నాను. చేపలు చచ్చిపోతాయన్నది ఒక భయం. అవి చచ్చిపోతే, తన చేత్తో చచ్చాయని తెలిస్తే, అన్నయ్య ఏం చేసుకుంటాడోనన్నది అసలు భయం. అన్నయ్య నా మొహం చూసి తొట్టి వైపు తిరిగాడు. పైకొచ్చి ఆడుతున్న ఆ నోళ్ళు చూశాక అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"గాలందక తేలాయి," అన్నాడు.

నవ్వు పోయింది. రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "నా చేతిలోనే ఉందమ్మా. నేనేది ముట్టుకుంటే అది పోతుంది," అంటూ తలుపు వైపు నడిచాడు.

పరుగెత్తి చొక్కా పట్టుకున్నాను. "ఎక్కడికి వెళ్తున్నావు? నాకేం తెలుసన్నయ్యా? ఏం చెయ్యాలో చెప్పు!" అని అరిచాను. ఎత్తు వేసి అన్న మాట కాదది. నాకు నిజంగానే తెలియదు. తొట్టి అమ్మినాయన ఫోను ఎత్తడం లేదు.

అన్నయ్య వెనక్కి వచ్చి తొట్టిలోకి వంగి చూశాడు. తర్వాత, "గాలి కొట్టే ఏరేటర్ లేదా?" అని అడిగాడు.

"ఈ చిన్న మోటారే."

"చాలదు. చెంబు పట్రా. కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళేమన్నా ఉన్నాయా?"

ఉన్నాయి. ఎప్పుడేం ముంచుకొస్తుందోనని ఒక డ్రమ్ము నిండా కలిపి ఉంచేదాన్ని. నా పిరికితనం అక్కరకొచ్చింది అప్పుడే. గొట్టంతో సగం నీళ్ళు బయటికి లాగి, కొత్త నీళ్ళు పోశాము. తర్వాత చెరో చెంబుతో తొట్టి నీళ్ళే ముంచి, చెయ్యెత్తి, మళ్ళీ తొట్టిలోకే పొయ్యడం మొదలుపెట్టాము.

"ఇంకా ఎత్తు నుంచి పొయ్యి. నురగ రావాలి, నురగొస్తేనే గాలి కలిసినట్టు," అని కసిరాడు. గట్టు మీద మనుషుల్ని కేకలేసే గొంతు అది.

గదంతా నీళ్ళమయమైంది. భుజాలు పీకేస్తున్నాయి. అంతలో ఒక చేప పక్కకు ఒరిగి, రాయి పక్కకు జారింది. నా చేతిలో చెంబు ఆగిపోయింది. అన్నయ్య తొట్టిలో చెయ్యి పెట్టి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. అతని మొహం చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇంక అయిపోయింది, ఇప్పుడు వెళ్ళిపోతాడు అనుకున్నాను.

దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి వచ్చి, చెంబు అందుకున్నాడు.

"ఆపావేంటి?"

"అన్నయ్యా, అది..."

"పోయింది. అటు చూడకు. బతికున్నదాన్ని చూస్తూ పొయ్యి."

రెండో చేప ఇంకా పైనే నోరు తెరుస్తోంది. దక్కుతుందో లేదో తెలియదు. అన్నయ్య చొక్కా అంతా తడిసి, గడ్డం నుంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. బతికున్నదాన్ని చూడమన్నాడు. నేను అన్నయ్యనే చూస్తూ పోశాను.