మామయ్య ఫోనుకు రెండో బ్యాటరీ

మా మామయ్య ఎవరు ఎదురుపడినా "బాగున్నారా?" అని అడగడు. "ఎంత ఉంది?" అని అడుగుతాడు. ఆస్తి గురించి కాదు, వయసు గురించి కాదు, జ్వరం గురించి అంతకన్నా కాదు. ఫోనులో చార్జింగ్ ఎంత ఉంది అని! మీరు ఎనభై అంటే ఆయన ముఖం విప్పారుతుంది. నలభై అంటే కనుబొమలు ముడిపడతాయి. పన్నెండు అన్నారో, మీ పని అయిపోయినట్టే. చెయ్యి పట్టుకుని దగ్గర్లో ఉన్న ప్లగ్గు దాకా నడిపించుకుపోతాడు, అది పరాయివాళ్ళ వంటింట్లో ఉన్నా సరే.

ఒకసారి రక్తపోటు చూపించుకోవడానికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూస్తూ ఉంది. మామయ్య చూపు మాత్రం బల్లమీదున్న ఆవిడ ఫోను మీద ఉంది.

"ఎంత ఉందండీ?" అన్నాడు.

"నూట నలభై. కొంచెం ఎక్కువే."

"నూట నలభయ్యా!" మామయ్య కుర్చీలోంచి సగం లేచిపోయాడు. "నూరు దాటి ఎలా ఎక్కిందండీ? ఏ కంపెనీది?"

డాక్టరమ్మ మళ్ళీ గాలి కొట్టింది. ఈసారి నూట యాభై వచ్చింది.

ఇంతటి మనిషి చేతిలో ఉండే ఫోను మామూలుగా ఉంటుందా? దానికి బ్యాటరీ కేసు తొడిగాడు. అంటే ఫోనుకు వేసే కవరే, కాకపోతే దాని వీపులో ఇంకో బ్యాటరీ ఉంటుంది. ఫోను నీరసపడగానే కవరు మీద బొత్తాం నొక్కితే నాలుగు నీలం దీపాలు వెలుగుతాయి, వీపులోని బ్యాటరీ ఫోనుకు చార్జింగ్ పట్టడం మొదలుపెడుతుంది. నేను ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాను కాబట్టి రకరకాల కవర్లు చూశాను. ఇంత లావుదాన్ని మాత్రం మళ్ళీ చూడలేదు. అత్తయ్య దాన్ని ఇటుక అంటుంది. చొక్కాలో అది ఉన్నంతసేపూ మామయ్య ఎడమపక్కకి ఒరిగి నడుస్తాడు. దర్జీ ఆయన చొక్కాలకు ఎడమ జేబు లోపల సంచీ గుడ్డ వేసి రెండు వరసలు కుడతాడు. అయినా ఏడాదికి మూడు జేబులు ఊడి చేతికొస్తాయి.

మామయ్య లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై నలభై భవనాల లిఫ్టులు ఆయన చేతి మీదే నడుస్తాయి. ఒకరోజు నాలుగో అంతస్తులో పనిచేస్తూ ఎవరితోనో మాట్లాడుతుంటే ఫోను జారి లిఫ్టు గుంతలో అడుక్కి పడింది. దభీమని శబ్దం. పైనుంచి తొంగి చూస్తే కింద నీలం దీపాలు నాలుగూ వెలుగుతున్నాయి! మామయ్య గుంతలోకి వంగి గొంతు చించుకున్నాడు.

"లైన్లోనే ఉండండీ! ఫోను పడింది, నేను పడలేదు! దిగొస్తున్నా!"

నాలుగంతస్తుల మెట్లు పరుగున దిగేసరికి అవతలి మనిషి ఇంకా లైన్లోనే ఉన్నారట. కేసు మూల పెంకు ఊడింది, ఫోనుకు గీత కూడా పడలేదు. ఈ కథ నేను కనీసం యాభైసార్లు విన్నాను. మొదటిసారి రెండో అంతస్తు నుంచి పడింది, ఇప్పుడు నాలుగు దాకా వచ్చింది. ఇంకో ఏడాదికి మేడ మీదనుంచి పడుతుందని నా నమ్మకం.

ఆదివారాలు ఆయన నా కొట్లో కూర్చుంటాడు. అదే నాకు పెద్ద చిక్కు. ఒకసారి ఒక లెక్చరరు గారు వచ్చి, "బ్యాటరీ కేసు తీసుకుందామనుకుంటున్నాను, బాగుంటుందా?" అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపు మామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ముందు చెడ్డ చెప్తాను సార్. మోసం నాకు చేతకాదు. ఇది బరువు. వేడెక్కుతుంది. జేబులో పెట్టుకుంటే గుండె పక్కన ఇస్త్రీపెట్టె పెట్టుకున్నట్టే. ఫోనూ కేసూ రెండూ నిండాలంటే గంటలకు గంటలు పడుతుంది. ఫోను మార్చారా, ఇది కొత్తదానికి పట్టి చావదు. రెండేళ్ళు పోయాక దీని బ్యాటరీ కూడా ముసలిదైపోతుంది."

లెక్చరరు గారి ముఖం వాడిపోయింది. "మరి మంచి?"

"మంచి ఒక్కటే సార్. మాట మధ్యలో ఫోను చావదు."

"దానికి పవర్ బ్యాంకు కొనుక్కుంటే పోదా?"

"దాని వైరు వేలాడుతుంది. నేను తిరిగే చక్రాల దగ్గర పనిచేస్తాను. వైరు చక్రానికి చుట్టుకుందంటే ఫోనుతోపాటు నేనూ పైకి పోతాను."

"నేను కాలేజీలో పాఠాలు చెప్తానండీ. మా దగ్గర చక్రాలుండవు."

"అయితే మీకెందుకు సార్ ఇది? వృథా!" అని ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు మామయ్య.

"నువ్వు నా కొట్లో సరుకు అమ్ముతున్నావా, వచ్చినవాళ్ళని తరుముతున్నావా మామయ్యా?" అంటే, "నిజం చెప్పాలి కదమ్మా!" అని, నా ఫోను వంక చూసి, "ఎంత ఉంది?" అన్నాడు.

చివరికి అత్తయ్య విసిగిపోయింది. ఇద్దరం కూడబలుక్కుని ఆయనకు కొత్త ఫోను తెచ్చాం. తమలపాకంత పలచగా ఉంది. రోజంతా చార్జింగ్ నిలుస్తుందని నేను పూచీ పడ్డాను. మామయ్య మూడు రోజులు బుద్ధిగా వాడాడు. నిటారుగా కూడా నడిచాడు. అత్తయ్య సంబరం చూడాలి! నాలుగో రోజు సాయంత్రం ఇద్దరం కొట్లో ఉండగా ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమ్మా, దీనికి బ్యాటరీ కేసు దొరుకుతుందా?"

"దీనికి చెయ్యరు మామయ్యా. అవసరం లేదు. రోజంతా వస్తుంది కదా!"

"ఏ రోజంతా? మధ్యాహ్నం రెండింటికే ఇరవైకి పడిపోయింది."

ఫోను లాక్కుని చూశాను. చార్జింగ్ అంతా దేనికి ఖర్చయిందో అందులోనే రాసి ఉంది. మాటలు, మూడు గంటల నలభై నిమిషాలు! అత్తయ్య నా భుజం మీదుగా చదివింది.

"మూడు గంటల నలభై నిమిషాలా? ఎవరితో? ఇంట్లో నోట్లోంచి నాలుగు ముక్కలు రాలవే!"

"పని మీద" అన్నాడు మామయ్య. తన పాత ఫోను తీసి, సిమ్ము వేసి, ఇటుక తొడిగి జేబులో వేసుకుని, ఎడమపక్కకి ఒరిగి వెళ్ళిపోయాడు.

అత్తయ్య నా వైపు తిరిగింది. "రేపు కొట్టు మూసెయ్. ఆయనతో తిరుగు. ఆ చార్జింగ్ ఎటు పోతోందో కనిపెట్టి రా."

మర్నాడు పొద్దున్నే స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాను. ఎనిమిది కాకముందే ఫోను మోగింది. మామయ్య స్కూటరు పక్కన ఆపి, స్పీకరు పెట్టాడు.

"ఎక్కుతున్నానండీ" అంది ఒక ఆడ గొంతు, భయం భయంగా.

"ఎక్కండి. నేనున్నాను. మీ అబ్బాయి లెక్కల పరీక్ష ఏమైంది?"

"తొంభై ఎనిమిది వచ్చాయండీ. తలుపు మూసుకుంది... పోయిన రెండు మార్కులకు ఏడుస్తున్నాడు... ఆఁ, దిగానండీ. ఉంటాను."

ఫోను పెట్టేశాడు. నాకేమీ అర్థం కాలేదు.

"లిఫ్టు చెడిందా?"

"ఛ ఛ! బ్రహ్మాండంగా ఉంది. ఆవిడ మూడేళ్ళ కిందట అందులో గంటసేపు ఇరుక్కుపోయారు. అప్పట్నుంచి ఒంటరిగా ఎక్కాలంటే కాళ్ళాడవు. ఏడంతస్తులు దిగాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని..." అని భుజాలెగరేసి స్కూటరు నడిపాడు.

మధ్యాహ్నానికి ఇలాంటివి తొమ్మిది ఫోన్లు లెక్కపెట్టాను! ఒక్కొక్కరికి ఒక్కో కబురు. ఒకావిడతో మొక్కలకు పట్టిన చీడ గురించి. ఇంకొకాయనతో ఎవరో రిటైరైన సంగతి. ఒకాయన అసలు నోరు విప్పడు, ఊపిరి చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఆయనకు మామయ్య, "ఐదు... నాలుగు... మూడు దాటారు..." అని నెమ్మదిగా చెబుతూ పోతాడు. కొందరు దిగిపోయాక కూడా పావుగంట వదలరు. పైగా మామయ్య ఉండేది నేలమాళిగల్లో, లిఫ్టు గుంతల్లో. అక్కడ సిగ్నల్ కోసం వెతుక్కునీ వెతుక్కునీ ఫోను ఒగరుస్తుంది. ఇక చార్జింగ్ నిలవమంటే ఎలా నిలుస్తుంది?

రెండున్నరకు మామయ్య ఒక భవనం పైన మోటారు గదిలో ఉన్నాడు. ఒక చేత్తో బ్రేకు మీట, ఇంకో చేత్తో పెద్ద చక్రం పట్టుకుని లిఫ్టును అంగుళం అంగుళం కిందికి దించుతున్నాడు. అప్పుడు మోగింది.

"నువ్వెత్తమ్మా! టీచరమ్మ గారు! ఎనిమిదో అంతస్తు!"

"నేనేం మాట్లాడను?"

"ఏదో ఒకటి! ఆపకు, అంతే!"

ఆయన జేబులోంచి ఇటుక లాగాను. చార్జింగ్ ఎంత ఉందా అని చూశాను. నాలుగు! బొత్తాం నొక్కాను. నీలం దీపాలు వెలిగాయి. ప్రాణం లేచి వచ్చింది.

"బాబూ, ఎక్కనా?" అంది ముసలి గొంతు.

"మామయ్య పనిలో ఉన్నారండీ. నేను మేనకోడల్ని."

"నీకు లిఫ్టుల గురించి తెలుసామ్మా?"

"తెలీదండీ. ఫోన్ల గురించి తెలుసు."

"సరే, అదే చెప్పు. ఎక్కుతున్నాను."

ఇక అందుకున్నాను. నాకు నోటికొచ్చింది ఒక్కటే. "బ్యాటరీ కేసు అని ఒకటుంటుందండీ. అది బరువు. వేడెక్కుతుంది. చొక్కా జేబులు చింపుతుంది..."

"అది నాకు తెలుసమ్మా. అది నా వల్లే కొన్నాడు."

"మీ వల్లా?"

"ఆరు దాటాను... మొదటిసారి నేను ఇరుక్కున్నప్పుడు మీ మామయ్య దారి పొడుగునా నాతో మాట్లాడుతూనే వచ్చాడు. మధ్యలో ఆయన ఫోను ఆగిపోయింది. చీకట్లో నలభై నిమిషాలు ఒక్కదాన్నే ఉన్నాను, వదిలేసి పోయాడనుకున్నాను. తలుపు తెరిచేసరికి నాకంటే ఆయనే ఎక్కువ వణుకుతున్నాడు. నేనే కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాను... మూడు... మర్నాడు ఆ దిమ్మ తొడిగించుకొచ్చి, ఇంకెప్పుడూ మధ్యలో పోదండీ అని చూపించాడు. ఎప్పుడూ పోలేదు. అదిగో, దిగాను. నువ్వూ బాగానే మాట్లాడతావమ్మా. ఆపకుండా."

మామయ్య చక్రం వదిలి చేతులు తుడుచుకుంటూ చూశాడు. "దిగారా?"

"దిగారు."

"మీ అత్తయ్యకు చెప్పకు. ఊరికే కంగారు పడుతుంది."

చెప్పకుండా ఉంటానా! ఇంటికెళ్ళగానే అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అత్తయ్య చేతిలో పని పక్కన పెట్టింది.

"మొక్కల చీడ గురించి కూడా మాట్లాడతాడా?" అంది.

"మాట్లాడతాడు."

"నాతో ఒక్కసారీ మాట్లాడలేదే!" అని లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మామయ్య నా కొట్టుకు వచ్చాడు, కొంచెం కంగారుగా.

"మీ అత్తయ్యకు ఈమధ్య లిఫ్టంటే భయం పట్టుకుందమ్మా. వాళ్ళ స్నేహితురాలు ఉండేది తొమ్మిదో అంతస్తు కదా. రోజూ ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి ఫోను చేస్తోంది. దిగాక కూడా పెట్టనివ్వదు. పాపం, ధైర్యం చిక్కేదాకా మాట్లాడుతూనే ఉంటున్నాను. నిన్న అరగంట!"

"పాపం" అన్నాను నేను కూడా.

ఆ స్నేహితురాలు ఇల్లు మారి రెండేళ్ళయింది. ఇప్పుడుండేది మా వీధి చివర, పెంకుటింట్లో. ఆ సంగతి మామయ్యకు నేనింకా చెప్పలేదు.