పంపు నీళ్ల గురించి ఇంగ్లీషులో

ములకలపల్లి చుట్టుపక్కల అడవి గూడేల్లో మంచినీళ్ల పని చేసే ఒక చిన్న సంస్థలో చేరి అప్పటికి నాకు రెండేళ్లు. మాది కూసుమంచి దగ్గర ఊరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఏ గూడెంలో ఏ పంపు పనిచేస్తోంది, ఆడవాళ్లు నీళ్లకు ఎంత దూరం పోతున్నారు అని తిరిగి చూసి రాసుకురావడం నా ఉద్యోగం. అందుకే మాకు డబ్బు సాయం చేసేవాళ్లు ఢిల్లీ నుంచి భద్రాచలం వస్తున్నారని తెలిసినప్పుడు మా సంస్థ పెద్దసారు, "గూడేల సంగతి నువ్వే చెప్పాలమ్మా, పది నిమిషాలు" అన్నారు. ఇంగ్లీషులో చెప్పాలి.

ఆఫీసులో ఒకాయన రాసిచ్చిన నాలుగు పేజీలు వారం రోజులు బట్టీ పట్టాను. భద్రాచలం బస్సులో కూడా పెదవులు కదుపుతూనే ఉన్నాను. సమావేశంలో మొదటి పేజీ ఒక్క ఊపున అప్పజెప్పాను. రెండో పేజీలో 'కంటామినేషన్' అన్న మాట దగ్గర నాలుక మడత పడింది. మళ్లీ అన్నాను, మళ్లీ తప్పింది. మూడోసారికి ఆ తర్వాతి వాక్యమే మాయమైంది. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ, నన్ను ఆదుకుందామనేమో, మెల్లగా ఒక ప్రశ్న వేసింది: ఊళ్లో పంపు ఉండగా ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలమ తీసి ఆ నీళ్లు ఎందుకు తాగుతున్నారు?

ప్రశ్న అర్థమైంది. జవాబు కూడా తెలుసు. ఆ పంపు నీళ్ల నిండా ఇనుము. బిందెలో పట్టి పెడితే కాసేపటికి పైన తుప్పు తెట్టె కడుతుంది. అన్నం ఎర్రబారుతుంది. చాయ్ సిరాలా నల్లబడుతుంది. పిల్లలు నోట్లో పోసుకుని ఉమ్మేస్తారు. ఇదంతా తెలుగులో గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. నేను ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుంటుండగానే పెద్దసారు లేచి, "లాక్ ఆఫ్ అవేర్‌నెస్, మేడమ్" అన్నారు. ఆమె తల ఊపి రాసుకుంది.

తిరుగు బస్సులో నా కళ్ల ముందు ఆమె రాసుకోవడమే కనిపించింది. నేను తడబడ్డందుకు సిగ్గుపడ్డాను, నిజమే. కానీ ఆ ఆడవాళ్లకు ఏమీ తెలియదని ఒక కాగితం మీదికి ఎక్కిందంటే, అది నా నోరు పెగలకపోవడం వల్లే. ఆ మాట కొట్టేయించాలి, నా నోటితోనే కొట్టేయించాలి అనుకున్నాను.

ములకలపల్లిలో నేను కిరాయికి ఉన్న ఇంట్లోనే పక్క గదిలో కేరళ నుంచి వచ్చిన నర్సు ఉండేది. ఆమెను నేను సిస్టర్ అనేదాన్ని. డ్యూటీ నుంచి వచ్చి బట్టలు ఆరేసుకుంటున్నప్పుడు వెళ్లి, "నాకు ఇంగ్లీషు నేర్పుతవా సిస్టర్?" అని అడిగాను. జరిగింది చెప్పాను. ఆమె నవ్వింది.

"చెల్లీ, నేను ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు ఒక తాత 'కళ్లు తిరుగుతున్నయ్' అన్నాడు. టార్చి వేసి కళ్లు ఎటు తిరుగుతున్నాయి అని చూశాను. వార్డు మొత్తం నవ్వింది. ఆ మాట మళ్లీ మరిచిపోలేదు. నీ భయం మాట రానందుకు కాదు, నవ్వుతారని. ముందు ఆ బట్టీ కాగితాలు పడేయ్."

పడేశాను. మరునాటి నుంచి సిస్టర్ పెట్టిన పద్ధతి ఇది: రోజూ సాయంత్రం ఆ రోజు కళ్లారా చూసినవి మూడు సంగతులు ఇంగ్లీషులో చెప్పాలి. చూడనిది చెప్పకూడదు, ఒక వాక్యంలో ఐదారు మాటలు దాటకూడదు. 'కంటామినేషన్' వద్దు, 'బ్యాడ్ వాటర్' చాలు. ఆమె దగ్గర క్యాసెట్ రికార్డర్ ఒకటి ఉండేది. మొదటిసారి నా గొంతు అందులో విని బిత్తరపోయాను. వెనక నుంచి ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతున్నాను. "వాక్యం అయ్యాక నోరు మూసుకుని ఒక ఊపిరి తీసుకో. వాళ్లకు కూడా వినడానికి టైం కావాలి కదా" అంది సిస్టర్. ఆ ఒక్క ఊపిరి అలవాటు కావడానికి నెల పట్టింది. మధ్యలో రెండుసార్లు విసుగొచ్చి మానేశాను. రెండుసార్లూ ఆమె తలుపు తట్టింది.

మళ్లీ ఆ పెద్దావిడ వాళ్లు వస్తారనగా, ఆ గూడెం వెళ్లి, పని ముగించుకుని పంపు దగ్గర కూర్చున్న ఆడవాళ్లతో, "నేను మీ గురించి ఇంగ్లీషులో చెప్పాలె. ఒకసారి మీ ముందర చెప్పి చూస్తా, వింటరా?" అన్నాను. వాళ్లలో వాళ్లు కోయ మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఇప్పపువ్వు ఆరబోసుకుంటూ విన్నారు. అయిపోయాక వాళ్లలో పెద్దమ్మ, ముందుపళ్లు రెండు ఊడిన మనిషి, అడిగింది:

"ఏంది బిడ్డా, మా పంపు గురించేనా చెప్పింది?"

"అవ్ పెద్దమ్మా."

"మరి నీ మొఖం పంపు దిక్కు చూస్తలేదు. నేల దిక్కు చూస్తున్నవ్. చేతులు కొంగుల దాచుకున్నవ్. గట్ల చెప్తే ఎవరు నమ్ముతరు?"

మిగతావాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంకోటి," అంది పెద్దమ్మ. "నోటితోని చెప్పుడెందుకు? గా నీళ్లు సీసాల పట్టుకపో. అన్నం వండి ఇస్త, డబ్బల పెట్టుకపో. జల్దీ తెలుస్తది."

ఆ రోజు పంపు దగ్గరే మూడుసార్లు చెప్పాను. మూడోసారి మధ్యలోనే పెద్దమ్మ, "ఇప్పుడు నీళ్ల రంగు గురించి చెప్తున్నవ్, అవునా?" అంది. భాష తెలియకుండానే పట్టుకుంది. భయం పూర్తిగా పోలేదు గాని, నన్ను కట్టేసిన తాడేదో తెగినట్టు అనిపించింది.

భద్రాచలంలో ఈసారి బల్ల మీద రెండు సీసాలు, ఒక స్టీలు డబ్బా పెట్టాను. మొదటి వాక్యం చెప్పి నోరు మూసుకుని ఊపిరి తీసుకున్నాను. "దిస్ ఈజ్ పంప్ వాటర్. దిస్ ఈజ్ స్ట్రీమ్ వాటర్. లుక్ ఎట్ ది కలర్." డబ్బా మూత తీశాను. "దే కుక్ రైస్. రైస్ బికమ్ రెడ్." వెనక వరుసలో ఒకతను తప్పు విని నవ్వాడు. ఆగాను, "బికమ్స్ రెడ్" అని దిద్దుకుని ముందుకు సాగాను.

చివర్లో ఒకాయన గబగబా ఏదో అడిగాడు. ఒక్క ముక్క పట్టలేదు. ఆర్నెల్ల కిందట అయితే అక్కడే కూలబడేదాన్ని. "సర్, ప్లీజ్ ఆస్క్ స్లోలీ. ఐ లర్న్‌డ్ ఇంగ్లీష్ ఇన్ ములకలపల్లి" అన్నాను. గది నవ్వింది. ఆయనా నవ్వి నెమ్మదిగా అడిగాడు: ఇది అవగాహన సమస్యే కదా?

"నో సర్. దే నో. దే టేస్టెడ్. యూ ఆల్సో టేస్ట్." పంపు నీళ్ల సీసాలోంచి గ్లాసులోకి వంచి ఇచ్చాను. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. ముఖం మారిపోయింది, జేబు రుమాలు తీసుకున్నాడు. పెద్దావిడ తన పుస్తకంలో పాత పేజీ తిప్పి, ఏదో వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. నేను చూస్తుండగానే గీసింది.

బయటికొచ్చాక పెద్దసారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "ఆనాడు నేను చెప్పింది తప్పమ్మా. తెలియక కాదు, చూడక చెప్పిన" అన్నారు. "చాయ్ తాగుదాం సార్" అన్నాను.

మరుసటి వేసవికి మూడు గూడేల్లో పంపులకు ఇసుక, బొగ్గు వేసిన వడపోత తొట్లు కట్టించారు. రెండింటిలో నీళ్లు తేటబడి ఆడవాళ్లు పట్టుకోసాగారు. మూడో గూడెంలో తొట్టి కడిగే వంతులు ఎవరివో తేలక అది పాకురు పట్టి మూలపడింది. కట్టించే ముందు ఆ ఆడవాళ్లను మేం అడగలేదు. ఆ సంగతి కూడా ఢిల్లీవాళ్ల ముందు ఇంగ్లీషులో నేనే నిలబడి చెప్పాను. గెలిచింది చెప్పడం కన్నా అది కష్టమైంది. ముందు రోజు సాయంత్రం సిస్టర్ ముందు కూర్చుని 'వి డిడ్ నాట్ ఆస్క్ దెమ్' అన్న వాక్యాన్ని, తల దించకుండా అనగలిగే దాకా, అంటూనే ఉన్నాను.