అప్పజెబితేనే మందులు

మా వీధి చివర మందుల షాపామెను అందరూ నిదానమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఒకేలా కనిపించే మందుల పెట్టెలను ఆమె పక్కపక్కన ఉంచదు, కవలల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టనట్టు. చీటీలో అక్షరం అర్థం కాకపోతే డాక్టరుకు ఫోన్ చేస్తుంది, విసుక్కుంటే పడుతుంది. అన్నీ కవర్లో వేశాక, ఏది ఎప్పుడు వేసుకోవాలో మనచేత చెప్పిస్తుంది. చెప్పేదాకా కవరు మీద చెయ్యి తియ్యదు. ఆలస్యం అమృతం విషం అని వరసలో అందరికీ వినబడేలా అనేవాణ్ణి. పాతికేళ్లుగా పిల్లలచేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్న లెక్కల మాస్టారిని. నన్నే అప్పజెప్పమంటే ఒళ్లు మండదా?

అమ్మకు కీళ్ల నొప్పులు ముదిరితే డాక్టరు కొత్త మాత్ర రాశాడు. నిదానమ్మ నాలుగు కత్తిరించి, కవరు మీద ఏదో రాసి, మామూలు పాఠం మొదలుపెట్టింది. నాకు బడికి టైమైపోతోంది. నాకూ నాలుగక్షరాలు వచ్చులెండి అని కవరు లాక్కుని వచ్చేశాను. దాని మీద రాసింది చూడకుండానే చించి పారేసి, మాత్రలు అమ్మ డబ్బాలో బీపీ మాత్రల పక్కన వేశాను, రోజుకొకటి చొప్పున.

ఐదో రోజు మళ్లీ వెళ్లాను. ఇంకో నాలుగు కావాలని, అమ్మకు నోరు పూసింది, దానికీ ఏదైనా ఇమ్మని అడిగాను. అరలోకి వెళ్లిన ఆమె చెయ్యి ఆగిపోయింది. మొన్నటివి ఎప్పుడు అయిపోయాయంది. నిన్నటితో అన్నాను.

"మాస్టారూ, అది వారానికి ఒక్కటే వెయ్యాలి. ఆ నాలుగూ నెల రోజులకి."

ఆమె తిట్టలేదు. అక్కడికక్కడే డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర పేరు, ఎన్ని పడ్డాయో, నోటిపూత, అమ్మ వయసు చెప్పింది. అవే కాగితం మీద రాసిచ్చి, జ్వరం లేదు కదా అని రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే తీసుకెళ్లమంది.

అమ్మ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. రక్తకణాలు పడిపోయాయని, ఇంకో రెండు మాత్రలు పడి ఉంటే తమ చేతుల్లో ఉండేది కాదని చెప్పారు. అమ్మకు విషం పెట్టింది నా చేతులే. వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అమ్మ ఇంటికి వచ్చాక దండం పెడదామని షాపుకు వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆమె అంది:

"తప్పు నాది కూడా మాస్టారూ. చదువుకున్నవారు కదా అని మొహమాటపడి, మీరు చెప్పకుండానే పోనిచ్చాను."



ఇప్పుడు నా వంతు రాగానే గొంతెత్తి అప్పజెబుతున్నాను. మొన్న నా వెనకాయన, ఎక్కడ దొరికారో ఇద్దరూ అని గొణిగాడు. ఇంటికొస్తే రెండో పరీక్ష. అమ్మ మాత్రను అరచేతిలో పట్టుకుని, ఇది దేనికి, ఎప్పుడు, ఎన్ని అని అడుగుతుంది. తడబడితే మొదట్నుంచీ చెప్పిస్తుంది. అంతా సరిగ్గా చెప్పాకే నోట్లో వేసుకుంటుంది.