ప్రింటరుకు పెట్టిన బొట్టు

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక నూలు మిల్లులో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. నా టెర్మినల్ మేడ మీద, ప్రింటరు కింద స్టోర్సు గదిలో. ఏది అచ్చు కావాలన్నా నేను పైన కమాండ్ కొట్టాలి. పంపినవన్నీ వరుస కట్టి ఒకదాని వెనక ఒకటి కింద వచ్చేవి. చేత్తో రాసిన కాగితం ఇక చెల్లదని మేనేజరు గారు తేల్చేశారు. కంప్యూటర్ వచ్చిన గర్వం. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దసరా మరునాడు, ఎమ్మిగనూరు నుంచి పనికి వచ్చే కార్మికుడొకాయన మేడెక్కి వచ్చాడు. ఆయన కూతురికి మర్నాడు పొద్దున కర్నూల్లో కంటి ఆపరేషన్. మిల్లు నుంచి ఉత్తరం తెస్తేనే ఆసుపత్రిలో మంచం ఇస్తామన్నారట.

"సాయంత్రం బస్సుకు పోవల్లమ్మా. పాపను ఎమ్మిగనూరులో ఎక్కిచ్చుకుంటాను."

"కూచో అన్నా, ఎంతసేపు" అన్నాను.

పంపాను. రాలేదు. వరుస ఎలా ఉందో చూద్దామని ఎల్‌పీస్టాట్ కొట్టాను. ప్రింటరు ఆగింది, ఉత్తరం కాచుకుని ఉంది. మళ్లీ నడవమని ఎనేబుల్ కొడితే గుర్రుమని ఆగిపోయింది. కాగితం లేదంటుంది. కిందికి పరిగెత్తి చూస్తే డబ్బా నిండా కాగితమే. రిబ్బను మార్చాను, తీగలు పీకి పెట్టాను, పైకొచ్చి ఉత్తరాన్ని మళ్లీ పంపాను. మళ్లీ, మళ్లీ. చేత్తో రాస్తాను, సంతకం పెట్టండని మేనేజరు గారిని కాళ్లావేళ్లా పడి అడిగాను. "రూలంటే రూలేనమ్మా" అన్నారు. ఆయన నోట్లో మన్ను పడ.

బస్సు వేళయింది. "పోయొస్తానమ్మా. నోటితోనే సెప్పి సూస్తాను" అని ఆయన లేచాడు.

ఆయన వెళ్లాక ప్రింటరు మూత ఊడదీశాను. కాగితం ఉందో లేదో కనిపెట్టే చిన్న మీట మీద గంధం, కుంకుమ ఎండి గట్టిపడి ఉన్నాయి. ఆయుధ పూజకు మిల్లులో ప్రతి యంత్రానికీ బొట్టు పెడతారు. ఆ ఏడు పళ్లెం పట్టుకుని తిరిగింది ఆయనే. కొత్త యంత్రమని ప్రింటరుకు నిండుగా పెట్టి, "పాప కన్ను బాగయ్యేట్ల సూడు సామీ" అని మొక్కుకోవడం నేను విన్నాను.

తుడవగానే ప్రింటరు కదిలింది. ఎన్నిసార్లు పంపానో అన్నిసార్లూ ఆ పాప పేరే అచ్చవుతూ వచ్చింది. మిగతావి క్యాన్సెల్ చేయడానికి చెయ్యి రాలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. ఇక బస్సు లేదు. మొదటి ప్రతి మీద సంతకం పెట్టించి, తెల్లవారి తొలి బస్సు కండక్టరు చేతికిచ్చి, ఆసుపత్రికి చేర్చమని బతిమాలాను.

కొన్నాళ్లకు ఆయన వచ్చాడు. "కాగితం చేరిందమ్మా. మంచం ఇంకొకరికి ఇచ్చినాక చేరింది." ఆపరేషన్ వెనక్కి జరిగింది. ఆలోగా పాప కన్ను పోయింది. బొట్టు సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెప్పొద్దని స్టోర్సు వాళ్లనూ వేడుకున్నాను.

మరుసటి ఏడు ఆయుధ పూజకు మళ్లీ ఆయనే పళ్లెం పట్టుకుని స్టోర్సు గదిలోకి వచ్చాడు. ప్రింటరు ముందు నిలబడ్డాడు. వేలు కుంకుమలో అద్ది, నా వైపు చూశాడు.

"యాడ పెట్టమంటావమ్మా?"