అమ్మ జుట్టులో గోగునార నూగు

నా చిన్నప్పుడు బొమ్మ గీయమంటే మేమందరం ఒకే బొమ్మ గీసేవాళ్లం. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున ఒక పూరిల్లు. ఎవరు నేర్పారో తెలియదు, చెయ్యి దానంతటదే అటు పోయేది.

నెల్లిమర్లలో నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా మా హైస్కూలుకి కొత్త డ్రాయింగు మాస్టారు వచ్చారు. బొబ్బిలి వైపు మనిషి, నెమ్మదస్తుడు. మొదటి రోజే మీ ఇల్లు గీయండి, పేరు మాత్రం రాయకండి అన్నారు. గీశాక కాగితాలన్నీ కలిపేసి బల్ల మీద పరిచి, ఎవరి బొమ్మ వాళ్లను తీసుకోమన్నారు. ఒక్క బొమ్మ కోసం ముగ్గురు గుంజుకున్నారు. నాది ఏదో నాకే తెలియలేదు. మేం నవ్వుతుంటే ఆయన నవ్వలేదు.

"మీ ఇల్లు మీకే ఆనవాలు దొరకనేదేటి? మీరు తప్ప ఇంకెవలూ సూడంది గీసుకు రండి. వార్షికోత్సవం నాడు గోడకి పెడతాను."

మా అమ్మ జూట్ మిల్లులో పనిచేసేది. పని దిగి వచ్చేసరికి జుట్టు నిండా, కనుబొమల మీద కూడా గోగునార నూగు ఉండేది. రాగానే గుమ్మంలో కూర్చుని దువ్వెనతో అంతా దులుపుకునేది. ఆ తలతో పక్కింటికైనా వెళ్లేది కాదు. కానీ దులుపుకోక ముందు, వాలుతున్న ఎండ పడితే, ఆ నూగు అమ్మ తల చుట్టూ పసుపుపచ్చగా మెరిసేది. అది చూసింది నేనొక్కదాన్నే.

అదే గీశాను. ఎంత కలిపినా ఆ రంగు రాలేదు. చివరికి దువ్వెనకు చిక్కుకున్న నూగే తీసి, మైదా జిగురుతో జుట్టు మీద అంటించాను. మాస్టారు దాన్ని వేలితో తాకి చూసి, అమ్మకి చూపించావా అని అడిగారు. లేదన్నాను. అమ్మ దాచుకునేది ఊరందరి ముందూ పెడుతున్నానని అప్పటికి గాని నాకు తట్టలేదు. భయం వేసి, వద్దులెండి మాస్టారూ, చింపేస్తాను అన్నాను. ఆయన చింపనివ్వలేదు. బొమ్మను గోడ వైపు తిప్పి, తెల్లటి వెనక వైపు కనబడేలా పెట్టారు.

వార్షికోత్సవానికి అమ్మ తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని, మిల్లులో తోటి ఆడవాళ్లతో వచ్చింది. మా తరగతిలోని కొట్టువాళ్ల అమ్మాయి గీసిన తక్కెడ దగ్గర అందరూ ఆగారు. కౌంటరు కింద కూర్చుని పైకి చూస్తే తక్కెడ ఎలా కనబడుతుందో అలా గీసింది. దాని పక్కనే తిప్పి పెట్టిన నా కాగితం.

"ఇది మీ పిల్ల వేసినాదమ్మా," అన్నారు మాస్టారు. "మీరు సూసి ఉంచమంటే ఉంచుతాం. వద్దంటే మీ సేతికే ఇచ్చేస్తాం."

అమ్మే దాన్ని తిప్పింది. చాలాసేపు చూసింది. తనకు తెలియకుండానే ఆమె చెయ్యి జుట్టు మీదకు పోయింది.

"ఇది మన దువ్వెనలో నూగు కాదేటే?" అని అడిగింది. తలూపాను. అమ్మ వెనక్కి తిరిగి తోటివాళ్లను కేకేసింది. "ఒలే, ఇలా రండే! మనం దులిపి పారేసిందాన్ని ఈ పిల్ల ఏటి సేసినాదో సూడండి!"

వాళ్లంతా వచ్చి ఒక్కొక్కరే ఆ నూగును తాకి చూశారు. బొమ్మ ఉంచమని అమ్మ చెప్పింది. ఈసారి ముఖం ఇవతలకే పెట్టారు.

తర్వాత నేనూ డ్రాయింగు టీచరునయ్యాను. శృంగవరపుకోటలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడూ వీధిలో పిల్లలు స్కూలు ప్రాజెక్టులు పట్టుకుని వస్తుంటారు. తమ ఇంటివాళ్లను గీసిన పిల్లల్ని, స్కూల్లో ఇచ్చే ముందు ఆ ఇంటివాళ్లకే చూపించి రమ్మంటాను. ఇంటివాళ్లలో చాలామంది బొమ్మ ఉంచమనే అంటారు. వద్దన్నవాళ్ల మాటా మన్నిస్తాం. కొందరు పిల్లలు చంకలో కాగితం పెట్టుకుని గెంతుతూ వెళ్తారు. కొందరు గుమ్మం దాకా వెళ్లి, ఆగి, నా వైపు చూస్తారు. అలా ఆగిన పిల్ల తను తప్ప ఇంకెవరూ చూడనిదేదో గీసిందని, బొమ్మ చూడకుండానే నాకు తెలిసిపోతుంది.